ఎట్టా తెలిసిందంట?

బండి వేడెక్కితే కారణాలు చెప్పేవాళ్లు రోడ్డు పొడవునా ఉంటారు. కారణం కనుక్కునేవాళ్లే తక్కువ. ఓ పాత డీజిల్ వ్యాను, దాన్ని నమ్ముకున్న ఓ కుటుంబం, ఆ ఇంటావిడ వేసిన ఒకే ఒక్క ప్రశ్న... ఆ ముచ్చటే ఇది!

వేడెక్కి ఆగిపోయిన బండి పక్కన ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. మన దగ్గర ఎంతమంది మెకానిక్కులున్నారో తెలుస్తుంది. 'నీళ్లు అయిపోయుంటాయి' అంటాడు టీకొట్టాయన. 'బెల్టు లూజై ఉంటది' అని బైకు ఆపి మరీ చెప్పి వెళ్తాడు ఇంకొకాయన. 'మా బావమరిది బండికీ ఇట్టాగే అయింది. చివరికి ఇంజిను బోరుకొచ్చింది' అని భయపెడతాడు మరొకాయన. ఎవరి మాటా పూర్తిగా అబద్ధం కాదు. వాళ్లు చెప్పిన వాటిలో దేనివల్లయినా ఇంజిను వేడెక్కొచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. కారణాలు పది. పైకి కనిపించే లక్షణం మాత్రం ఒక్కటే... డాష్‌బోర్డు మీద ఎర్రగీత వైపు జరిగే సన్నటి ముల్లు.

చిలకలూరిపేట దగ్గర్లోని ఓ ఊరికి చెందిన వ్యాను డ్రైవరు ఆ ముల్లుతో నాలుగు నెలలు వేగాడు.

పదిహేనేళ్లు వాళ్ల బళ్లూ వీళ్ల బళ్లూ తోలాక 2021లో ఆయన ఓ పాత డీజిల్ వ్యాను సొంతానికి కొనుక్కున్నాడు. 12 సీట్లు, ముందు ఏసీ. కొంత చేతిలో ఉన్న డబ్బు, మిగిలింది ఫైనాన్సు. ముహూర్తాలుంటే పెళ్లిళ్లు, సెలవులొస్తే తిరుపతి, శ్రీశైలం. బడులు తెరిచాక టౌన్లో ఉండే టీచర్లను పల్లెల్లోని స్కూళ్ల దగ్గర దించి, సాయంత్రం తీసుకొచ్చే నెలవారీ బేరం. అదే ఆ ఇంటికి ఆధారం. నెల మొదట్లో వచ్చే ఆ డబ్బుతోనే కిస్తీ కట్టాలి. భార్య ఇంటి దగ్గర బట్టలు కుడుతుంది. వ్యాను జమాఖర్చుల పుస్తకం కూడా ఆవిడ దగ్గరే ఉంటుంది. డీజిల్ ఎంత, టోలు ఎంత, బండి ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది... రోజూ రాత్రి భర్త చెబుతుంటే రాసుకోవడం ఆవిడకు అలవాటు.

ముల్లు మొదటిసారి లేచింది 2023 ఫిబ్రవరిలో. ఊళ్లోవాళ్లను తిరుపతి తీసుకెళ్తున్నాడు. ఒంగోలు, నెల్లూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి... అంతదూరం హైవే మీద ముల్లు సగం దగ్గర బుద్ధిగా కూర్చుంది. అలిపిరి దాటి ఘాటు ఎక్కడం మొదలుపెట్టాక కదిలింది. తిరుపతి ఊరికీ తిరుమలకీ మధ్య ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. బండి నిండా మనుషులు, పైన సామాను, రెండో గేరు. సగం ఎక్కేసరికి ముల్లు ఎర్రగీతను తాకింది. పక్కకు ఆపి, ముప్పావుగంట చూసి, ఇంటి దగ్గర క్యాన్లో పట్టి తెచ్చుకున్న బోరు నీళ్లు పోసి ఎలాగో పైకి చేర్చాడు. దిగేటప్పుడు ఏమీ లేదు. ఇంటికొచ్చేదాకా ఏమీ లేదు. 'ఎండకు అయ్యుంటది' అనుకున్నాడు. ఫిబ్రవరిలో ఎండేమిటని ఆయన్ని ఎవరూ అడగలేదు.

తర్వాతి ట్రిప్పు శ్రీశైలం. దోర్నాల దాటి కొండ ఎక్కేటప్పుడు మళ్లీ అదే వరస. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు ముల్లును చూసి కంగారు పడుతున్నారని, అద్దం తుడిచే గుడ్డను మీటరు మీద కప్పడం మొదలుపెట్టాడు. గుడ్డవల్ల ప్రయాణికుల బీపీ తగ్గింది గానీ ఇంజిను వేడి తగ్గలేదు.

లోపల పొయ్యి... చుట్టూ నీళ్లు

అసలు ఇంజిను ఎందుకు వేడెక్కుతుంది? ఈ ప్రశ్నను కాస్త తిప్పి అడగాలి. ఎప్పుడూ మంట మండుతూనే ఉండే ఇంజిను మామూలుగా ఎందుకు వేడెక్కి చెడిపోదు?

పెట్రోలు ఇంజిన్లో మంట అంటించడానికి స్పార్క్ ప్లగ్గు ఉంటుంది. డీజిల్‌కు అది అక్కర్లేదు. సిలిండర్లో గాలిని పదహారు రెట్లో, అంతకన్నా ఎక్కువో కుదిస్తే ఆ ఒత్తిడికే అది నిప్పులా కాగుతుంది. అందులోకి డీజిల్ చిమ్మగానే దానంతటదే మండుతుంది. ఆ మంటలోంచి వచ్చే శక్తిలో బండి లాగడానికి ఉపయోగపడేది సుమారు మూడో వంతే. దాదాపు అంతే వేడి పొగగొట్టం గుండా బయటికి పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగాన్ని ఇంజిను చుట్టూ తిరిగే నీళ్లు మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలికి అప్పజెప్పాలి. అప్పజెప్పడంలో ఆలస్యమైతే ఆ వేడి ఇంజిన్లోనే పేరుకుంటుంది. ముల్లు లేవడమంటే అదే.

ఈ ఇంజిన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్‌కి కూడా ఈ తిప్పలు తప్పలేదు. వేడిని వృథా చేయని ఇంజిను తయారుచేయాలన్నది ఆయన కల. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 1893లో పరీక్షించిన తొలి ఇంజినుకు నీళ్లతో చల్లబరిచే ఏర్పాటే పెట్టలేదు. తర్వాత పెట్టక తప్పలేదు. 1897లో అందరూ మెచ్చిన ఇంజినుకు చుట్టూ నీళ్లున్నాయి. అప్పటి పరీక్షలో అది ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. ఆ రోజులకు అది గొప్ప విజయం! ఇక ఆ నీళ్లను చల్లబరిచే రేడియేటర్‌కు ఇప్పుడు మనం చూసే తేనెపట్టు రూపం తెచ్చినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1901 నాటి మెర్సిడెస్ కారు కోసం ఆయన చేసిన రేడియేటర్లో ఎనిమిది వేలకు పైగా సన్నటి గొట్టాలు ఉండేవి. సూత్రం ఇప్పటికీ అదే. నీళ్లను వీలైనన్ని సన్నటి దారుల్లోకి చీల్చి, ప్రతి దారికీ గాలి తగిలేలా చూడటం.

రేడియేటర్ మూత సంగతి ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. అచ్చంగా ప్రెషర్ కుక్కరే! మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు ఆ మూత నిలబెట్టే ఒత్తిడి వల్ల దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. అందుకే బండి వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పకూడదంటారు. ఒత్తిడి పోగానే ఆ నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదకి ఎగజిమ్ముతాయి. విజిల్ రాకముందే కుక్కర్ మూత లాగితే ఏమవుతుందో, ఇక్కడా అదే జరుగుతుంది.

షెడ్డుకో కారణం

శ్రీశైలం నుంచి వచ్చాక మరమ్మతులు మొదలయ్యాయి. మొదటి షెడ్డులో ఫ్యాన్ బెల్టు మార్చారు. తేడా లేదు. రెండో షెడ్డులో రేడియేటర్ మూత మార్చారు. తేడా లేదు. ఏప్రిల్ మొదటివారంలో మూడో షెడ్డుకు వెళ్తే థర్మోస్టాట్ వాల్వు పీకి అవతల పారేశారు. 'ఇది చలిదేశాల వాళ్ల కోసం పెట్టింది. మన ఎండలకు ఎందుకు?' అన్నాడా మెకానిక్కు. వినడానికి సబబుగానే ఉంది. నీళ్ల దారికి అడ్డంగా ఉన్న తలుపు తీసేస్తే నీళ్లు ఇంకా బాగా పారతాయి కదా!

ఆ తర్వాతే బండి మరీ మొండికేసింది. అంతకుముందు కొండ ఎక్కేటప్పుడు మాత్రమే వేడెక్కేది. ఇప్పుడు చదును రోడ్డు మీద కూడా ముల్లు లేవడం మొదలైంది. ఒకసారి మార్టూరు దగ్గర, ఇంకోసారి మేదరమెట్ల దగ్గర. మేదరమెట్లలో ఆగినప్పుడు బండిలో ఉన్నది పెళ్లికొడుకు తరఫువాళ్లు. ముహూర్తం దగ్గరపడుతుంటే వాళ్లు రోడ్డు మీదే ఇంకో బండి మాట్లాడుకుని వెళ్లిపోయారు. బాడుగ పోయింది. దాంతోపాటు 'ఆ బండి నమ్మకం కాదు' అన్న మాట ఊళ్లోకి వచ్చింది. చేతులు మారిన డబ్బు లెక్క పుస్తకంలో రాసుకోవచ్చు. ఈ మాటకు లెక్క ఏముంది?

చివరికి నాలుగో మెకానిక్కు తేల్చేశాడు. 'హెడ్డు పోయింది. దింపి, ఫేసింగ్ చేయించి, గ్యాస్కెట్ మార్చాలి. దింపాక లోపల ఇంకేం బయటపడతాయో! ఒక 65 వేలు దగ్గర పెట్టుకో.'

మే రెండో వారం. జూన్‌లో టీచర్ల బేరం మొదలవ్వాలి. ఆ రాత్రి ఇంట్లో భార్య రెండు గాజులూ తీసి మంచం మీద పెట్టింది. తాకట్టుకు. పెట్టి, లెక్కల పుస్తకం తెరిచి అడిగింది.

''హెడ్డు పోయిందని ఆయనకెట్టా తెలిసిందంట?''

''అనుభవం. చూస్తే తెలిసిపోతది.''

''అంతకుముందు ముగ్గురూ చూసేగా చెప్పారు?''

ఆయన దగ్గర సమాధానం లేదు. బెల్టు మార్చినాయన బెల్టు పాడైందని చూపించలేదు. మూత మార్చినాయన పాత మూత ఒత్తిడి నిలపడం లేదని చూపించలేదు. వాల్వు పీకినాయన అది తెరుచుకోవడం లేదని చూపించలేదు. ఎవరూ మోసం చేయలేదు. ఎవరికి తోచింది వాళ్లు మార్చారు. పిల్లాడికి జ్వరమొస్తే పరీక్ష చేయకుండానే ఆపరేషన్ అంటే ఒప్పుకుంటామా? బండి విషయంలో మాత్రం ఒప్పేసుకుంటాం.

గాజులు ఆ రాత్రికి బీరువాలోకి వెళ్లాయి. తెల్లవారి వ్యాను విజయవాడ బయల్దేరింది. ఇంజిను చల్లగా ఉన్న వేళలో, ఏసీ వేయకుండా, నెమ్మదిగా. పక్క సీట్లో లెక్కల పుస్తకం.

పానా పట్టని గంట

విజయవాడ ఆటోనగర్ గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది! బండిలో ఉండే ప్రతి ముక్కకూ అక్కడో వీధి ఉంటుంది. ఒకరు నాజిళ్లు మాత్రమే చూస్తారు. ఇంకొకరు పట్టాలు మాత్రమే కడతారు. తెలిసిన లారీ ఓనరు ఒకాయన చెబితే వ్యాను డ్రైవరు ఓ పెద్ద మేస్త్రి షెడ్డు వెతుక్కుంటూ వెళ్లాడు. అరవై దాటిన మనిషి. బానెట్ ఎత్తమనలేదు. పానా అడగలేదు. ముందు స్టూలు చూపించి కూర్చోమన్నాడు.

''అబ్బాయ్, ఎప్పుడు వేడెక్కుతోంది?''

అదేం ప్రశ్న అనిపించింది డ్రైవరుకు. కానీ ఆ ప్రశ్నకు పిల్లలు చాలా ఉన్నాయి. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడా, పరిగెడుతున్నప్పుడా? గుంటూరు లాడ్జి సెంటర్లో అరగంట ఇరుక్కుంటే ఏమవుతోంది? ఖాళీగా ఉన్నప్పుడా, నిండుగా ఉన్నప్పుడా? ముల్లు లేచాక బండి ఆపి ఇంజిన్ని అలాగే తిరగనిస్తే దిగుతోందా? పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్లపొగ వస్తోందా? నీళ్లు ఎన్నాళ్లకు ఎంత తగ్గుతున్నాయి? ఏ నీళ్లు పోస్తున్నావు?

ఒక్కో జవాబుతో ఒక్కో అనుమానితుడు పక్కకు తప్పుకోవడమో, ముందుకు రావడమో జరుగుతుంది. హైవే మీద వేగంగా వెళ్తుంటే ఎదురుగాలే రేడియేటర్ని చల్లబరుస్తుంది. ట్రాఫిక్‌లో ఆ పని ఫ్యాను చేయాలి. కాబట్టి ఆగినప్పుడే వేడెక్కి, పరిగెడితే చల్లబడుతుంటే ముందు ఫ్యానును అనుమానించాలి. అదే ఎంత పరిగెడితే అంత వేడెక్కుతుంటే నీళ్లు సరిగా తిరగడం లేదనో, రేడియేటర్ మూసుకుపోయిందనో అర్థం. రోజూ నీళ్లు తగ్గుతూ, బయట ఎక్కడా తడి కనిపించకపోతే అప్పుడు హెడ్డు గ్యాస్కెట్ వైపు చూడాలి.

డ్రైవరు కొన్నింటికి తడుముకున్నాడు. అప్పుడు పుస్తకం తీసి ఇచ్చాడు. మేస్త్రి కళ్లజోడు పెట్టుకుని నాలుగు నెలల పేజీలు నిదానంగా తిప్పాడు. ఏప్రిల్ మొదటివారం దగ్గర వేలు ఆగింది.

''ఇక్కడిదాకా అన్నీ కొండలే. ఇక్కణ్నుంచి మార్టూరు, మేదరమెట్ల... ఆ వారంలో ఏం చేయించావు?''

''వాల్వు తీసేశారు బాబాయ్.''

మేస్త్రి ఏమీ అనలేదు. పుస్తకం మూసి, ''ఇది ఎవరు రాశారు?'' అని మాత్రం అడిగాడు.

చల్లగా ఉంటే మంచిదేగా?

అప్పటికి ఇంజిను పూర్తిగా చల్లారింది. మూత తీశారు. ఆయిల్ కొలిచే కడ్డీ లాగి చూశారు. ఆయిల్లో నీళ్లు కలిస్తే అది మజ్జిగలా తెల్లగా మారుతుంది. ఇది నల్లగానే ఉంది. మూత తీసి ఉంచే స్టార్ట్ చేశారు. హెడ్డు గ్యాస్కెట్ పోతే సిలిండర్లోని గ్యాసు నీళ్లలోకి చొరబడి బుడగలు ఆగకుండా వస్తాయి. రాలేదు. రేడియేటర్ మూతి దగ్గర ఓ గొట్టం పెట్టారు. అందులో నీలంరంగు మందు ఉంది. మండిన గ్యాసు తగిలితే ఆ రంగు మారుతుంది. చాలాసేపు చూశారు. నీలంగానే ఉంది.

''హెడ్డు బాగానే ఉంది'' అన్నాడు మేస్త్రి. 65 వేల రూపాయల మాట అది. డ్రైవరు స్టూలు మీంచి లేచి బయటికి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు.

అలాగని నాలుగో మెకానిక్కును తప్పుపట్టడానికీ లేదు. ఇలా కాగుతున్న ఇంజిన్ని ఇంకొన్నాళ్లు తోలితే హెడ్డు నిజంగానే వంకరపోతుంది, గ్యాస్కెట్ కాలిపోతుంది. అప్పుడు ఆయన జోస్యం నిజమయ్యేది. కొత్త గ్యాస్కెట్ వేసినా అసలు కారణం అలాగే ఉండేది గనక కొన్నాళ్లకు అదీ పోయేది.

మూత బిగించి ఇంజిన్ని వేడెక్కనిచ్చారు. మేస్త్రి చేతిలోకి చిన్న తుపాకీలాంటి థర్మామీటరు వచ్చింది. ముట్టుకోకుండానే వేడి చెబుతుంది. మొదట మీటరు ముల్లు నిజమే చెబుతోందా అని చూశాడు. సెన్సర్ చెడిపోతే బాగున్న ఇంజిన్ని కూడా అది జబ్బుమనిషిని చేస్తుంది. ఇక్కడ ముల్లు నిజమే చెబుతోంది. ఇంజిను ఆపించి ఫ్యానును చేత్తో తిప్పి చూశాడు. వేడిమీద ఉన్నప్పుడు అది గట్టిగా తిరగాలి, గాలిపటం చరఖాలా తేలిగ్గా కాదు. గట్టిగానే ఉంది. వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర తడి లేదు.

మళ్లీ స్టార్ట్ చేసి, ఆ థర్మామీటర్ని వెనక వైపు నుంచి రేడియేటర్ మీద అంగుళం అంగుళం తిప్పాడు. పైన 95 డిగ్రీలు. కిందికి వచ్చేకొద్దీ సమంగా తగ్గాలి. కానీ ఎడమపక్కన ఓ జానెడు మేర అంకె ఉన్నట్టుండి 25 డిగ్రీలు పడిపోయింది.

''చల్లగా ఉంటే మంచిదేగా బాబాయ్?''

''అక్కడ చల్లగా ఉందంటే అక్కడికి వేడి నీళ్లే రావట్లేదని అబ్బాయ్.''

మూడు చిన్న జబ్బులు

ఆ జానెడు మేర గొట్టాలు లోపల మూసుకుపోయాయి. దేనితో? ఇంటి బోరు నీళ్లతో. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే సున్నపు పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ, ఇంజిను లోపలి గోడలకూ పట్టింది. పోత ఇనుముతో పోలిస్తే ఆ పొర గుండా వేడి పోవడం 20 రెట్లకు పైగా కష్టం. ప్రతి ట్రిప్పులోనూ డ్రైవరు బండిని చల్లబరచడానికి పోసిన నీళ్లే, బండి చల్లబడే దారిని కొంచెం కొంచెంగా మూసేశాయి.

రెండో జబ్బు ముందు ఏసీ జాలీ విప్పితే బయటపడింది. జాలీకీ రేడియేటర్‌కీ మధ్య దుమ్ముతో కలిసి దుప్పటిలా అల్లుకున్న దూది! చిలకలూరిపేట చుట్టుపక్కల పత్తి సీజన్లో రోడ్ల మీద గాలి నిండా దూది పింజలే. మూడు సీజన్ల పింజలు అక్కడ చేరాయి. ముందునుంచి చూస్తే శుభ్రంగా కనిపిస్తుంది. విప్పితే తప్ప తెలియదు.

మూడోది వాల్వు. థర్మోస్టాట్ అంటే నీళ్లకు అడ్డుపడే తలుపు మాత్రమే అనుకుంటారు. ఈ రకం ఇంజిన్లలో అది చేసే పనులు రెండు. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ దారి మూసి, నీళ్లను ఓ అడ్డదారి పైపు గుండా తిరిగి ఇంజిన్లోకే పంపుతుంది. త్వరగా వేడెక్కడానికి. ఇంజిను కాగాక రేడియేటర్ దారి తెరుస్తూ, అదే కదలికతో ఆ అడ్డదారి మూసేస్తుంది. వాల్వు పీకేస్తే? అడ్డదారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. కాగిన నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్లోకి వెళ్తుంది. మేస్త్రి ఆ సన్నటి పైపు మీద థర్మామీటరు పెట్టాడు. హెడ్డు దగ్గర ఎంత వేడి ఉందో ఇక్కడా అంతే. ''ఈపాటికి దీనికి సెలవివ్వాలి. ఇదింకా డ్యూటీ చేస్తోంది'' అన్నాడు.

దూది ఒక్కటే అయితే బండి ఎలాగో నెట్టుకొచ్చేది. సున్నం ఒక్కటే అయినా చదును మీద ఇబ్బంది ఉండేది కాదు. ఆ రెండూ కలిసి కొండల మీద ఆపాయి. వైద్యం పేరుతో చేసిన మూడోది కలిసి చదును మీద కూడా ఆపింది. ఏ ఒక్క కారణమో వెతికినవాళ్లకు అందుకే దొరకలేదు.

టీకొట్టు మీద పరీక్ష

రేడియేటర్ దింపారు. పాతకాలపు రాగి, ఇత్తడి రకం కావడం మంచిదైంది. పై తొట్టి ఊడదీసి, సన్నటి పట్టీతో ఒక్కో గొట్టాన్నీ పొడిచి శుభ్రం చేసి, మళ్లీ అతికించారు. ప్లాస్టిక్ తొట్టి బిగించిన ఇప్పటి అల్యూమినియం రేడియేటర్లకు ఈ వైద్యం కుదరదు. మార్చడమే. దూదిని ఇంజిను వైపు నుంచి తక్కువ ఒత్తిడి నీళ్లతో బయటికి తోశారు. ముందునుంచి గట్టిగా కొడితే సన్నటి రేకులు వంగిపోతాయి. ఇంజిను లోపల సున్నం కరిగే మందు పోసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగారు. మెత్తబడిన కింది హోసు పైపు మార్చారు.

కొత్త వాల్వు తెచ్చాక మేస్త్రి దాన్ని నేరుగా బిగించలేదు. హెల్పరు కుర్రాణ్ని పంపి పక్క టీకొట్టులో ఓ గిన్నెడు నీళ్లు పొయ్యి మీద పెట్టించాడు. వాల్వును దారం కట్టి అందులో వేలాడదీశాడు. పక్కనే థర్మామీటరు. 82 దగ్గర తెరుచుకోవాలని దానిమీద రాసుంది. ముల్లు ఆ అంకె దాటుతుండగా వాల్వు నోరు నెమ్మదిగా తెరిచింది. ''కొత్తదాన్ని కూడా నమ్మరా బాబాయ్?'' అన్నాడు డ్రైవరు. ''చూశాక నమ్ముతా'' అన్నాడు మేస్త్రి.

తర్వాత సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పోశారు. కూలెంట్ వల్ల నీళ్లు మరిగే స్థాయి పెరగడం ఒక్కటే కాదు, లోపల తుప్పూ పట్టదు. అయితే అది విషం. కాస్త తియ్యగా ఉంటుంది గనక పిల్లలకూ కుక్కలకూ అందకుండా పెట్టుకోవాలి. మూత తీసి ఇంజిను తిప్పుతూ, వాల్వు తెరుచుకుని లోపలి గాలి బయటికొచ్చాక తగ్గిన మేరకు మళ్లీ పోశారు. గాలి మిగిలిపోతే అదే ఇంకో రోగమవుతుంది. రెండు రోజుల పని. బిల్లు 11,400 రూపాయలు.

''తగ్గినట్టేనా?'' అని అడిగితే మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. షెడ్డులో తగ్గడం తగ్గడం కాదన్నాడు. జనాన్ని ఎక్కించే ముందు బరువుతో కొండ ఎక్కించి చూడమన్నాడు. దాంతో ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం, ఏసీ వేసి, సీట్ల మధ్య ఇసుక బస్తాలతో ఓ వ్యాను కోటప్పకొండ ఘాటు మూడుసార్లు ఎక్కి దిగింది. మీటరు మీద గుడ్డ లేదు. ముల్లు సగం దాటి కొంచెం లేచింది, వాల్వు పూర్తిగా తెరుచుకున్నాక వెనక్కి వచ్చి కుదురుకుంది. మూడుసార్లూ అంతే.

ముల్లు లేస్తే ఏం చేయాలో మేస్త్రి చెప్పిన మాటలు ఇప్పుడు ఆ పుస్తకం వెనక అట్ట మీద ఉన్నాయి. సొంత బండి ఉన్న ఎవరికైనా పనికొస్తాయి. ముల్లు కదలగానే ఏసీ ఆపాలి. హీటరుంటే పూర్తిగా వేయాలి, లోపలివాళ్లకు ఉక్కపోసినా ఇంజిన్లోంచి కొంత వేడి బయటికొస్తుంది. చోటు చూసి పక్కకు ఆపాలి. ఆవిరి వస్తున్నా, నీళ్లు కారుతున్నా వెంటనే ఇంజిను ఆపేయాలి. అవేమీ లేకుండా ముల్లే లేస్తే రెండు నిమిషాలు బండి ఆపి ఇంజిన్ని తిరగనిచ్చి చూడాలి. దిగకపోతే ఆపేయాలి. అరగంటైనా కాకుండా మూత జోలికి పోకూడదు. కాగిన ఇంజిన్లో చన్నీళ్లు గుమ్మరించకూడదు, లోపల పగుళ్లివ్వొచ్చు. అన్నిటికన్నా ముందు ఎక్కడ, ఎప్పుడు, ఎంత బరువుతో ఉన్నప్పుడు లేచిందో రాసుకోవాలి.

జూన్‌లో టీచర్ల బేరం మొదలైంది. తాకట్టుకు తీసిన గాజులు ఆవిడ చేతికే ఉన్నాయి. పొద్దున్నే స్టార్ట్ చేసే ముందు కూలెంట్ ఎంతుందో చూడటం డ్రైవరు పని. అది పుస్తకంలో రాయడం ఎప్పట్లాగే ఆవిడ పని.

ఆ ఇంట్లో ఇప్పుడు ఆ ప్రశ్న అందరికీ ఊతపదమైంది. మొన్న ఫ్రిజ్ చల్లబడటం లేదని రిపేరు కుర్రాణ్ని పిలిచారు. తలుపు తీసి, చెయ్యి పెట్టి చూసి, 'కంప్రెసర్ పోయింది. మార్చాలి' అన్నాడు. ఎనిమిదో తరగతి చదివే పెద్దమ్మాయి హోంవర్కు లోంచి తల ఎత్తకుండానే అడిగింది.

''ఎట్టా తెలిసిందన్నా?''

ఆ కుర్రాడు ఒక్క క్షణం ఆ పిల్ల వంక చూశాడు. తర్వాత కింద కూర్చుని, సంచీలోంచి మీటరు బయటికి తీశాడు.